ఎర్ర బటన్ వదిలాక

ప్రియమైన తమ్ముడికి,

"ప్రియమైన" అని రాయడానికి చెయ్యి రావడం లేదు. కొట్టెయ్యడానికీ రావడం లేదు. ఉండనీ.

నిన్న విచారణ హాల్లో వెనక వరుసలో నేనున్నాను. నువ్వు చూడలేదు. భద్రతా కమిటీ ముందు నిలబడి, గొంతు సవరించుకుని, "గాయపడింది మా సొంత చెల్లెలేనండి. తొందరపడ్డానని తనే ఒప్పుకుంది" అన్నావు. ఒరేయ్, ఆ మాట అనడానికి నీకు నోరెలా వచ్చిందిరా?

నాకు యంత్రాలు తెలియవంటావు. సరే, తెలిసినంతలోనే మాట్లాడతాను. నేమ్‌బోర్డులు చెక్కుకు బతికే పిల్ల అది. నువ్వు నీ కంపెనీలో తయారుచేసిన ఆ బల్లమీది కోత మెషీన్‌ని "మా అన్నయ్య మెషీన్" అంటూ తన కొట్టుకి వచ్చిన ప్రతివాళ్ళకీ చూపించి మురిసిపోయేది. ఆ రోజు బిగింపు వదులై చెక్క జారింది. ఎర్ర బటన్ నొక్కింది. కట్టర్ ఆగింది. కుడిచేత్తో చెక్క సరిచేసి పట్టుకుని, ఎడమచేత్తో బటన్ తిప్పి వదిలింది. ఏ మెషీన్ మీదైనా అంతే కదా, వదిలితే సిద్ధంగా ఉంటుంది, మళ్ళీ స్టార్ట్ నొక్కితేనే తిరుగుతుంది. నీది మాత్రం వదలగానే తిరిగింది. చెల్లికి మూడు వేళ్ళు పోయాయి.

ఎందుకలా పెట్టారని కమిటీ అధ్యక్షురాలు అడిగితే ఏమన్నావు? "ఆపినప్పుడల్లా పని మళ్ళీ మొదటికొస్తోందని కస్టమర్లు గొడవండి. అందుకే ఆగినచోటి నుంచి అందుకునేలా చేశాం. మెషీన్‌తో ఇచ్చే పుస్తకంలో రాశాం కూడా." హడలిపోయిన మనిషి పుస్తకం తిరగేస్తుందట్రా? ఎర్ర బటన్ ఎవడూ సరదాకి నొక్కడు. నొక్కాడంటే పని ఏమైపోయినా ఫర్వాలేదు, ముందు నేను మిగలాలి అని. నువ్వు చెక్కముక్క పాడవకుండా చూశావు. పైగా తప్పు చేతిదే అంటున్నావు, అదీ చెల్లి నోటితోనే.

సోమవారం నేను సాక్ష్యం చెబుతున్నాను. చాటుగా చెయ్యడం నాకు చేతకాదు, అందుకే ముందే రాస్తున్నాను.

నీ పెద్దక్క

*

అక్కా,

ఎడమచేత్తో రాస్తున్నాను. అక్షరాలు తాగి నడుస్తున్నట్టున్నాయి, సర్దుకో.

సోమవారం నువ్వు వెళ్ళక్కర్లేదు. నిన్న నేనే వెళ్ళి చెప్పొచ్చాను.

నీ ఉత్తరం తెచ్చి అన్నయ్య నా ఒళ్ళో పడేశాడు. "చూశావా, నన్ను బజారుకీడ్చేదాకా నిద్రపోయేలా లేదు మహాతల్లి" అన్నాడు. నువ్వు రాసిందంతా నిజమే. కానీ నా చేతి గురించి అన్నయ్య మాట్లాడాడు, నువ్వు మాట్లాడబోయావు. నన్ను మాత్రం మీరిద్దరూ ఒక్క మాట అడగలేదు. అది గుచ్చుకుంది.

తొందరపడ్డానని అన్న మాట వాస్తవం. ఆసుపత్రిలో నా మంచం పక్కన అన్నయ్య గోడకేసి తల కొట్టుకుంటుంటే చూడలేక అన్నాను. ఊరుకోబెట్టడానికి అన్నాను. దాన్ని పట్టుకెళ్ళి నలుగురిలో చెబుతాడని అనుకోలేదక్కా.

కమిటీ ఆఫీసుకి అన్నయ్యనే తోడు రమ్మన్నాను. నా తప్పేనని చెబుతాననుకుని వచ్చాడు పాపం. దారిలో మంచినీళ్ళ సీసా కొని, మూత తీసి మరీ ఇచ్చాడు. పక్కన కూర్చోబెట్టుకునే చెప్పాను: "నేను తొందరపడలేదండి. ఆగిందని నమ్మాను. బటన్ వదిలితే మెషీన్ కదలకూడదు. మళ్ళీ తిప్పమని మనిషి వేరే చెప్పాలి. ఇది అలా లేదు."

వెంటనే అమ్మకాలు ఆపమన్నారు. అమ్మినవన్నీ వెనక్కి తెప్పించి మార్చాలట. కంపెనీ ఇక లేవదేమో. అన్నయ్య నావైపు చూడలేదు.

బస్టాపు దాకా కలిసే నడిచాం. బస్సొచ్చాక, ఎక్కించడానికి అలవాటుగా నా కుడిచెయ్యి అందుకోబోయాడు. కట్టు చూసి ఆగిపోయాడు. నేను ఎడమచెయ్యి చాచాను. తన చెయ్యి జేబులో పెట్టేసుకున్నాడు.

కండక్టరే పట్టుకుని ఎక్కించాడక్కా.

నీ చెల్లి