గట్టిపడని మట్టి

బుధవారం, రాత్రి

బావ చేసిన బొమ్మ ఈరోజు నా చేతుల్లోనే పాడైపోయింది.

నా చిన్న బోటు నమూనాలో నిలబెట్టడానికి, పోయినేడు చేపల వేట నిషేధం రోజుల్లో చేశాడు. హార్బర్‌లో బోటు నడిపే మనిషి కదా, బొటనవేలంత డ్రైవర్‌ని అచ్చం తనలాగే దిద్దాడు. గంటలో రాయైపోయే పుట్టీ ఇవ్వబోతే, "గట్టిపడిపోయేది నాకొద్దురా. తప్పొస్తే మళ్లీ దిద్దుకోవాల" అని, ఎప్పటికీ ఆరని నూనెమట్టి తీసుకున్నాడు. బొమ్మ వీపు మీద ఆయన వేలిముద్ర అలాగే ఉండిపోయింది.

ఆయన పోయాక, పిల్లలిద్దరికీ అలాంటిదే చెరొకటి పోసిమ్మని అక్క అడిగింది. అచ్చు తీయడానికి నిన్న బొమ్మ మీద సిలికాన్ రబ్బరు ద్రవం పోశాను. మట్టిలో గంధకం ఉంటే ఆ సిలికాన్ గట్టిపడదని నాకు తెలుసు. ముందు చిన్న ముక్క మీద చూసుకోవాల్సింది. తొందరపడ్డాను. సాయంత్రం విప్పితే బొమ్మంతా జిగురు. తుడవబోతే ముఖమూ వీపూ చెరిగిపోయాయి.

అప్పుడే అక్క ఫోన్ చేసింది. "ఏటైందిరా? బొమ్మలొచ్చేసినాయా?"

"ఇంకా గట్టిపడలేదక్కా" అన్నాను. అబద్ధమైతే కాదు. రేపు మళ్లీ అడుగుతుంది.

మట్టి ఇంకా మెత్తగానే ఉంది. ముక్కూ చెవులూ మళ్లీ దిద్దగలను. వీపు మీద మాత్రం ఎవరి వేలు పెట్టను?