వడ్ల దగ్గర ఆగిన పందెం కారు

బెజవాడ

చి.ల.సౌ. కోడలు ఛాయాదేవికి అత్త రాఘవమ్మ చెప్పి రాయిస్తున్నది.

నీ మొగుడు ఒంటిమీద గీత పడకుండా ఇల్లు చేరాడు. పగలల్లా బందరుకూ బెజవాడకూ తిరిగే కార్ల పందెం, అందులోనూ వాడికి మొదటిది, ప్రాణం తీస్తుందని నువ్వు అలిగి మైలవరం పుట్టింటికి పోతివి. పామర్రు దగ్గర రోడ్డుమీద వడ్లు ఆరబోసి ఉంటే తక్కినవాళ్లంతా తొక్కించుకుంటూ పోయారట. వీడు కారాపి, ఆడవాళ్లు ఎత్తుకునేదాకా నిలబడి, అందరికన్నా ఆఖరున వచ్చాడు.

"సిగ్గులేదట్రా?" అన్నాను.

"తినే గింజమీద బండెట్లా పోనియ్యనే అమ్మా?" అన్నాడు.

వడ్లు తొక్కించడానికే చేతులు రానివాడు నిన్ను దిక్కులేనిదాన్ని చేస్తాడా?

చింతపండు ఎక్కడ దాచావు? నువ్వు పోయిన్నాటి నుంచి ఇంట్లో చారు లేదు. ఆదివారం బస్సుకు వచ్చి నువ్వే తియ్యి. పసుపు కుంకుమలతో నూరేళ్లుంటావు, పూచీ నాది.