రౌటర్ గారి మూగనోము

పెదనాన్న గారికి నమస్కారాలు.

ఫోను మోగితే మీకు ఇప్పటికీ ఎక్స్ఛేంజిలో డ్యూటీ ఎక్కినట్టే ఉంటుందని పెద్దమ్మ చెప్పింది. అందుకే ఉత్తరం.

మా ల్యాబ్‌లో ఒక ముసలి రౌటర్ ఉంది. కంప్యూటర్ల మధ్య ఏ కబురు ఎటు పోవాలో దారి చూపించే పెట్టె అది. దాని వెనక కన్సోల్ పోర్ట్ అని చిన్న రంధ్రం. మిగతా దారులన్నీ మూసుకుపోయినా, అక్కడ కేబుల్ పెట్టి దాంతో నేరుగా మాట్లాడొచ్చు. ఇప్పుడు ఆ పోర్టే పాడైంది. ఎంత టైపు చేసినా తెర మీద ఒక్క అక్షరం పడదు. మూగనోము పట్టింది.

కొత్త రౌటర్లన్నీ అద్దాల బీరువాలో ఉన్నాయి, తాళం మేడమ్ దగ్గర. మమ్మల్ని ముట్టుకోనిచ్చేది ఈ ఒక్కదాన్నే. నెలాఖరుకి పాతసామాన్ల బండి వస్తుంది. ఈలోగా ఇది పలక్కపోతే బండెక్కిపోతుంది. ఇక మేం పుస్తకంలో బొమ్మలు చూసి నేర్చుకోవాలి. ఏం చెయ్యమంటారు?

మీ జవాబు కోసం గుమ్మంలో నిలబడే,
గడుగ్గాయి

తా.క.: కేబుల్ నేనే చేశాను. అందుకని అందరూ దాన్నే అనుమానిస్తున్నారు.

* * *

చిరంజీవి గడుగ్గాయికి ఆశీస్సులు.

నేనూ కేబుల్‌నే అనుమానిస్తున్నాను, ఏమనుకోకు. మా రోజుల్లో లైను మూగబోతే ముందు తీగనే పరీక్షించేవాళ్ళం. అవతలి చివర పంపే తీగనీ వినే తీగనీ కలిపేస్తే, మనం అన్న మాట తిరిగి మన చెవికే వస్తుంది. వచ్చిందా, తీగ మంచిదే. కొండమీది ఎక్స్ఛేంజిలో ఒకాయన ఉండేవాడు, 'హలో గారు' అనేవాళ్ళం. "లూపు వెయ్యవయ్యా" అంటే వేసేవాడు, పనయ్యాక తీసేసి "ఇక్కడ వాన మొదలైందండీ" అనేవాడు. ముఖం ఎప్పుడూ చూడలేదు. ఇప్పటికీ మబ్బు పడితే ఆ గొంతే గుర్తొస్తుంది.

నీ కేబుల్ అతుకు దగ్గర ఆ రెండు తీగల్నీ రాగి ముక్కతో కలిపి, నాలుగు మాటలు టైపు చేసి చూడు.

ఇట్లు,
మీ పెదనాన్న

తా.క.: రౌటర్ అలిగిందేమో, బతిమాలమంటోంది పెద్దమ్మ. నా మీద ఆ పద్ధతి పనిచేసిందట. నాకైతే గుర్తులేదు.

* * *

పెదనాన్నా, పలికింది!

మీరన్నట్టే రాగి ముక్కతో కలిపి, కేబుల్ రౌటర్‌కి పెట్టి 'నమస్తే' అని కొట్టాను. 'నమస్తే' అంది! 'బాగున్నావా' అంటే 'బాగున్నావా' అని తిరిగి నన్నే అడిగింది. ఎంత మర్యాద! 'కుశలప్రశ్న' అనే మాటలో ఎంత తీపి ఉందో ఇవాళ తెలిసింది. గురువారం వచ్చి చూడమని మేడమ్‌ని పిలిచేశాను.

నేల మీద కాలు నిలవని,
గడుగ్గాయి

తా.క.: అచ్చుతప్పులు కూడా చేస్తోంది, అచ్చం నేను చేసేవే. సావాసం మరి.

* * *

చిరంజీవి గడుగ్గాయికి.

నీ ఉత్తరం పెద్దమ్మకి చదివి వినిపించాను, పాలవాడికి వినిపించాను, పక్కింటి హెడ్మాస్టరుకి రెండుసార్లు వినిపించాను. రెండోసారి ఆయన "సొంతంగా ఏమీ అనదా అది?" అన్నాడు. వెంటనే కలం తీశాను.

అమ్మడూ, ఆ రాగి ముక్క తీశావా? తియ్యకపోతే, నువ్వు ఇన్నాళ్ళూ కుశలమడిగింది నిన్నే. తియ్యమని నేనూ రాయలేదు. మా రోజుల్లో ఆ మాట చెప్పాల్సిన పనే ఉండేది కాదు, హలో గారే తీసేసేవాడు.

తీగ మంచిదని తేలింది కదా, జబ్బు పెట్టెలోనే ఉంది. కరెంటు ఆపి, పోర్ట్ లోపలికి టార్చి కొట్టి చూడు.

తొందరలో,
పెదనాన్న

తా.క.: మేడమ్‌కి మాత్రం అప్పుడే చూపించకు.

* * *

పెదనాన్న గారికి.

మీ ఉత్తరం మేడమ్ వచ్చి వెళ్ళాక అందింది.

ఆవిడ కూర్చుని 'ఎవరు నువ్వు' అని కొట్టారు. తెర మీద 'ఎవరు నువ్వు' అనే వచ్చింది. "నేను ల్యాబ్ ఇన్‌ఛార్జిని" అని కొట్టారు. అదీ తనే ల్యాబ్ ఇన్‌ఛార్జినంది. మేడమ్ కళ్ళజోడు తీసి నా వైపు చూసి, "బండివాడికి కబురు పెట్టండి" అని వెళ్ళిపోయారు.

ఆ సాయంత్రం రాగి ముక్క తీసి పారేసి, టార్చి కొట్టి చూశాను. లోపల వరసగా నిలబడాల్సిన పిన్నుల్లో ఒకటి చాప మీద బజ్జున్నట్టు పడుకుని ఉంది. సూదితో మెల్లగా లేపాను. కరెంటు ఇవ్వగానే తెర నిండా అక్షరాలు జలజలా రాలి, చివర 'మొదలుపెట్టడానికి ఎంటర్ నొక్కండి' అని నిలిచింది. నేను అనని మాట, పెదనాన్నా! కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

మేడమ్‌ని చెయ్యి పట్టుకుని లాక్కొచ్చినంత పని చేశాను. ఆవిడే ఎంటర్ నొక్కి చూశారు. "సరే, బండెక్కించొద్దులే" అన్నారు. నేను గెంతబోతుంటే, "ఆగు. పనిచేసేవి బీరువా నిండా ఉన్నాయి. బాగుచెయ్యడం నేర్పడానికి నాకు చెడిపోయింది ఒకటి కావాలి. కొత్త బ్యాచ్ వచ్చేలోపు దీన్ని మళ్ళీ పాడుచేసి పెట్టు" అన్నారు.

ఏడవాలో నవ్వాలో తెలియని,
గడుగ్గాయి

తా.క.: బాగుచెయ్యడం చెప్పారు. చెడగొట్టడం ఎలాగో కూడా చెప్పరూ? సూది పట్టుకుంటే చెయ్యి ఆడట్లేదు.

* * *

చిరంజీవి గడుగ్గాయికి ఆశీస్సులు.

విరగ్గొట్టడం ఎవరైనా చేస్తారు. వెతికితే దొరికేలా చెడగొట్టడమే కష్టం. పిన్ను విరక్కూడదు, ఒంగాలంతే. చూడగానే కనపడకూడదు, టార్చి కొట్టినవాళ్ళకి దొరక్కుండా దాక్కోకూడదు. దొరికినప్పుడు 'నేనే కనిపెట్టాను' అనిపించాలి.

ఈ విద్య నాకెలా వచ్చిందంటావా? చిన్నప్పుడు నువ్వు సెలవులకి వస్తున్నావంటే, ముందురోజే మా రేడియో మూత తీసి లోపల ఒక తీగ వదులుచేసేవాణ్ణి. నువ్వు చెప్పులు విడవకుండానే దాని చెవి మెలిపెట్టి "పెదనాన్నా, పలకట్లేదు!" అని అరిచేదానివి. ఇక చూడు, ఇద్దరం నేల మీద బోర్లా పడుకుని సగం మధ్యాహ్నం వెతికేవాళ్ళం. ఒక వేసవిలో పరీక్షలున్నాయని నువ్వు రాలేదు. తీగ అప్పటికే వదులు చేసేశాను. బిగించడం నాకు క్షణం పని, చేతులు రాలేదు. వానలు పడేదాకా అలాగే ఉంచాను.

సూది నెమ్మదిగా నొక్కు, వంగుతుంది.

ఎప్పటికీ,
మీ పెదనాన్న

తా.క.: ఇది పెద్దమ్మ రాత. పోస్టు చెయ్యమని నా చేతికిచ్చారు, చదివాను. అంటే ఆ సెలవులన్నిట్లోనూ నేను వినే రేడియో నాటికలకి చివరి భాగాలు లేకుండా చేసింది ఈయనన్నమాట! ఇప్పుడు ఒక్కొక్కటీ ఎలా ముగిసిందో ఈయన చేతే కల్పించి చెప్పిస్తున్నాను. నిన్న మొదటి నాటికలో కథానాయికని చంపేశారు. ఒప్పుకోలేదు, బతికించి మళ్ళీ చెప్పమన్నాను.