కిటికీ దగ్గర ఇద్దరి సోఫా

చెల్లీ,

పదింటికి సోఫా వస్తుంది. ఇద్దరు కూర్చునేదే, పెద్దది కాదు. గుమ్మంలో పట్టకపోతే కాళ్లు విప్పమను, విప్పొచ్చని కొట్టాయనే చెప్పాడు. టీవీకి ఎదురుగా వేయించకు, వేస్తే ఇద్దరం దాన్నే చూస్తూ కూర్చుంటాం. కిటికీ దగ్గర కాస్త ఓరగా వేయించు. వంటింటి తలుపుకి అడ్డం రాకుండా చూడు. నా వాలుకుర్చీని సోఫా తెచ్చినవాళ్లే పట్టుకెళ్తారు. అది అక్కదని వాళ్లతో వాదన పెట్టుకోకు.

నువ్వు అత్తింటి నుంచి వచ్చేసి ఏడు నెలలైంది. ఆసుపత్రి వార్డులో పన్నెండు గంటలు నిలబడి నేను ఇల్లు చేరేసరికి, నువ్వు నా కుర్చీ ఖాళీగా వదిలేసి, బస్సు కోసం చూస్తున్నదానిలా స్టూలు అంచున కూర్చుని ఉంటావు. "ఇటు రావే" అంటే "పర్లేదక్కా" అంటావు. ఆ మాట విని విని నా ప్రాణం విసిగిపోయింది. ఒక్క కుర్చీ వేసుకున్న గదిలో రెండో మనిషి చుట్టంలాగే ఉంటుందని నాకు తట్టడానికి ఇన్నాళ్లు పట్టింది. తప్పు నాదేలే.

సాయంత్రం నేను వచ్చేసరికి నువ్వు అందులో కూర్చుని ఉండాలి. నన్ను చూసి లేచావంటే మాత్రం ఊరుకోను. నాకు అరిచే ఓపిక కూడా లేదు.

చెప్పడం మరిచాను. రసీదు నీ పేరు మీదే రాయించాను, సంతకం నువ్వే పెట్టాలి. ఈ ఇంటి మనిషి ఎవరని వాళ్లు అడిగితే "నేనే" అని చెప్పు.

అక్క