సాగర్ తోటలో జనానా రోజు

22 జనవరి 1939, ఆదివారం

చెరుకు సీజన్లో ఫ్యాక్టరీ తూకం గుమాస్తాకు పెళ్లాం బిడ్డలు ఉండకూడదు. బిడ్డ ఎలాగూ లేడు. దసరాకు ముందు మా పసివాడు జ్వరంతో పోయాడు. అప్పటి నుంచి శ్యామల "ఊ" అంటుంది, "అన్నం పెట్టనా" అంటుంది, అంతే. ఒక్క చుక్క కన్నీరు కూడా పెట్టలేదు. నాకు భయంగా ఉంది.

డాక్టరు మందు రాయలేదు. నాలుగు చెట్లు, నిండు నీళ్లు ఉన్న చోటికి తిప్పుకు రమ్మన్నాడు. నిజామాబాద్ దారిలో సాగర్ చెరువు గట్టున తోట ఉంది కదా, పూలు, బోటు అన్నీ ఉన్నాయట. శుక్రవారం సెలవు. పోదామన్నాను. ఊ అంది.

నన్ను కన్న అవ్వ శంకరమ్మ మాత్రం ఒప్పుకోలేదు. బిడ్డ పోయిన ఆడదాన్ని నీళ్ల దగ్గరికి ఎవడు తీసుకుపోతాడని అరిచింది. నేనూ అరిచాను. అవ్వతో అరిచి గెలిచినవాడు మా ఇంట్లో లేడు. అయినా పోయి తీరతాను.

27 జనవరి, శుక్రవారం

సెలవు రద్దు. చెరుకు బండ్లు ఊరి బయటిదాకా నిలిచాయట. పాడు ఉద్యోగం.

3 ఫిబ్రవరి, శుక్రవారం, సాయంత్రం

ఇప్పటికీ కోపం దిగలేదు.

బండి తోలే తుకారాం ఎడ్ల కచ్చరం కట్టాడు. తెల్లవారకముందే బయలుదేరాం. శ్యామల పులిహోర చేసింది. బోటులో పక్కపక్కన కూర్చుంటాం, ఏదో ఒకటి మాట్లాడుతుంది అని దారంతా అనుకుంటూనే ఉన్నాను. ఏం మాట్లాడాలో నేనూ ముందే సిద్ధం చేసుకున్నాను, పరీక్షకు పోయేవాడిలాగా.

గేటు దగ్గర చౌకీదారు నా ఛాతీకి కర్ర అడ్డం పెట్టాడు. శుక్రవారం జనానా రోజట, లోపలికి ఆడవాళ్లకే ప్రవేశమట. సర్కారుకు సెలవు శుక్రవారం, నాకు సెలవు శుక్రవారం, మగవాళ్లకు తోట మూసేదీ శుక్రవారమే. మరి నాలాంటివాడు పెళ్లాన్ని ఎప్పుడు తీసుకురావాలని అడిగాను. అది తన పని కాదన్నాడు. బతిమాలాను, అదిలించాను, ఫ్యాక్టరీ పేరు కూడా చెప్పాను. ఆ ముసలివాడు ఆవలించాడు.

తిరిగి పోదామని చూసేసరికి శ్యామల పక్కన లేదు. కొంగు తలమీదికి లాక్కుని లోపలికి నడిచిపోతోంది. వెనక్కి చూడలేదు.

తుకారాం, నేను, ఎడ్లు. ఎవరికీ నీడ లేదు. పులిహోర మేమిద్దరమే తిన్నాం. గోడ అవతల ఆడవాళ్ల నవ్వులు, తెడ్ల చప్పుడు. సాగర్ నీళ్లు మాత్రం వేలెడంత కూడా కనబడలేదు.

పొద్దు వాలాక వచ్చింది. కళ్లు ఎర్రగా ఉబ్బి ఉన్నాయి. ఏమైందని అడిగాను. ఎవరైనా ఏమన్నా అన్నారా అని అడిగాను. తల అడ్డంగా ఊపి కచ్చరం ఎక్కి నిద్రపోయింది. ఇల్లు చేరేదాకా లేవలేదు.

5 ఫిబ్రవరి, ఆదివారం

మళ్లీ అడిగాను. బాగుంది అంది. ఏం బాగుంది? చెప్పదు. పొద్దున పెరట్లో బట్టలు ఆరేస్తూ అవ్వతో ఏదో మాట్లాడుతోంది. నేను అటు పోగానే ఇద్దరూ మాట ఆపేశారు. నా ఇంట్లో నేను చుట్టాన్ని.

9 ఫిబ్రవరి, గురువారం

సాధించాను! వచ్చే బుధవారం తోటి గుమాస్తా బాపురావు నా డ్యూటీ చేస్తాడు, అతని శుక్రవారం నేను చేస్తాను. సూపర్‌వైజరు ముందు వంగి వంగి నడుం పోయింది. పోతే పోయింది. బుధవారం మగవాళ్లను ఆపే రోజు కాదు. ఈసారి ఏ కర్ర అడ్డమొస్తుందో చూస్తాను.

14 ఫిబ్రవరి, మంగళవారం, దీపాలు పెట్టే వేళ

రేపు నేనూ లోపలికి వస్తాను, నీ పక్కనే ఉంటానని గొప్పగా చెప్పాను. శ్యామల చేటలో బియ్యం ఏరుతోంది. తల ఎత్తలేదు.

"మీరు రావద్దు. ఆడ నీళ్ల కాడ కూసొని కడుపునిండ ఏడ్సిన. పక్కన ఎవలో తురక ముసలవ్వ కూసున్నది, ఊకోమని ఒక్కమాట అనలే. మీరుంటే ఊకో ఊకో అంటరు. మీ మొకం జూసి నేను ఊకుంట."

నాలుగు నెలల్లో అన్ని మాటలు ఒకేసారి ఎప్పుడూ మాట్లాడలేదు. పీట తన్ని బయటికి వచ్చేశాను. పీట ఏం చేసిందని?

15 ఫిబ్రవరి, బుధవారం

నీళ్ల దగ్గరికి వద్దని అరిచిన అవ్వే తోడు వచ్చింది. అత్తాకోడళ్లు లోపలికి పోయారు. చౌకీదారు గేటు బార్లా తీసి నన్నూ రమ్మన్నాడు.

బయటే కూర్చున్నాను.