సర్వర్‌కు చేరని బ్రాంచ్

మార్చి 7, శుక్రవారం

రోగులకు మందు ఎక్కించే పంపులో అలారం కోడ్ ఇవాళ్టికి సరిచేశాను. గొట్టంలో మందు ఆగిపోతే పంపు మోగాలి. బ్యాటరీ మీద ఉన్నప్పుడు మోగడం లేదు. మూడు వారాలుగా ప్రాణం తోడేసిన బగ్. టెస్టింగ్ అక్క నా కుర్చీలోనే కూర్చుని, నా లాప్‌టాప్‌కే పంపు తగిలించి పదిసార్లు మోగించి చూసింది. చెవులు చిల్లులు పడ్డాయే తల్లీ, ఇక చాలు అంది. అక్కడికక్కడే ఓకే అని సంతకం పెట్టేసింది. ఇంతలో ఆఫీసులో నెట్ పోయింది. సరిచేసిన కోడ్, అదే నా బ్రాంచ్, సోమవారం ఆఫీసు సర్వర్‌కు పుష్ చేస్తే సరి.

మార్చి 10

జ్వరం.

మార్చి 14

ఆఫీసుకు వెళ్లాను. పంపు కొత్త సాఫ్ట్‌వేర్ బుధవారమే ఆసుపత్రులకు రిలీజ్ అయిపోయిందట. కేక్ కోశారు. నేనూ తిన్నాను.

ఏప్రిల్ 2

ఒక ఆసుపత్రిలో ఒకావిడ చనిపోయింది. స్కాన్‌కు తీసుకెళ్తుంటే దారిలో గుండె మందు ఆగిపోయింది. పంపు బ్యాటరీ మీద ఉంది. మోగలేదు.

మా టీమ్ లీడ్ చెప్పగానే, అదెలా, నేను సరిచేశాను కదా అన్నాను. సర్వర్‌లో వెతికాను. లేదు. మళ్లీ వెతికాను. నా బ్రాంచ్ నా లాప్‌టాప్‌లోనే ఉంది. పుష్ చేయనే లేదు. బాత్రూంలోకి వెళ్లి, కుళాయి తిప్పి, ఆ చప్పుడులో ఏడ్చాను.

ఏప్రిల్ 3

ఆవిడకు యాభై రెండేళ్లట.

ఏప్రిల్ 7

విచారణ మొదలైంది. సర్వర్‌లో లేనిదాన్ని టెస్ట్ చేశానని సంతకం పెట్టింది కాబట్టి అక్క అసలు చూడకుండానే పెట్టేసిందంటున్నారు. నా లాప్‌టాప్ మీద చూశానని చెప్పిందట. ఎవరూ నమ్మలేదు. ఇంటికి పంపేశారు. వెళ్తూ నా వైపు చూసింది. నేను కీబోర్డు చూసుకున్నాను.

తర్వాత లీడ్ పిలిచి తలుపు వేశాడు. ఆ బ్రాంచ్ తీసేయమ్మా, ఆ టెస్టింగ్ ఆవిడ మాటకు ఇక సాక్ష్యం ఉండదు, నీ మంచికే చెబుతున్నాను అన్నాడు. రిలీజ్‌లో ఏమేం ఉన్నాయో చూసుకోవాల్సింది అతనే. ఆ మాట ఇద్దరం ఎత్తలేదు.

ఏప్రిల్ 8, ఉదయం 10

డిలీట్ కమాండ్ టైప్ చేశాను. ఎంటర్ కొట్టలేదు. కొట్టనని కూడా అనుకోలేదు.

మధ్యాహ్నం 3

అక్క ఫోన్ చేసింది. తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండేది. ఆ రోజు అది నిజంగానే మోగింది కదే, నేనేమీ భ్రమపడలేదు కదా అని అడిగింది. నన్ను కాదు, తన చెవుల్నే అనుమానిస్తోంది.

మోగిందక్కా అన్నాను.

ఫోన్ పెట్టేసి పుష్ చేశాను. మార్చి 7న సరిచేసినట్టు తేదీతో సహా వెళ్లింది. విచారణవాళ్లకు జరిగిందంతా మెయిల్ పెట్టాను. సాయంత్రం లీడ్ నా సీటు దగ్గరికి వచ్చి, కొంప ముంచావు అన్నాడు. నాకు భయం వేయలేదు. ఊరటా కలగలేదు.

ఏప్రిల్ 21

అక్కను మందలించి తిరిగి తీసుకున్నారు. నా లాప్‌టాప్, గేటు కార్డు తీసుకున్నారు.

మే 6

విచారణ గదికి చనిపోయినావిడ కూతురు వచ్చింది. నా ఈడుదే. పుష్ అంటే ఏమిటని అడిగింది. చెప్పాను. అందుకు ఎంతసేపు పడుతుందని అడిగింది.

నాలుగు సెకన్లు అన్నాను.

కాగితం మీద రాసుకుంది.