నడికొప్పు మీది మూత

జీవితమంతా బట్టలు కుట్టి బతికిన నేను, బుద్ధి స్థిమితంగా ఉండగా, ఎవరి ఒత్తిడీ లేకుండా, నా తదనంతరం చెల్లేటట్టు ఈ వీలునామా రాస్తున్నాను. సూదిలో దారం ఇప్పటికీ కళ్లజోడు లేకుండానే ఎక్కిస్తాను గనుక, నా మతి గురించి తమ్ముడు సందేహపడనక్కర్లేదు. దీన్ని జరిపించే బాధ్యత నా దగ్గర బట్టలు కుట్టించుకునే లాయరమ్మది.

1. నాన్నగారు ఇల్లు పంచినప్పుడు తూర్పు వాలు కింది గదులు నాకు, పడమటి వాలు కింది గదులు తమ్ముడికి వచ్చాయి. రెండు వాలులూ పైన కలిసే నడికొప్పు ఎవరిదో ఆయన రాయడం మరిచారు.

2. తమ్ముడు తన వైపు పాత చెక్క పెంకులు తీయించి రేకులు వేయించాడు. కొప్పు మీది సందుకు రేకు మూత వేస్తే దాని అంచు జానెడు నా వైపు దిగాలి. వద్దని నేననలేదు, ఒక మాట అడిగితే బాగుండేదన్నాను. "నా రేకు నీ నెత్తిన ఎందుకులే" అని వాడు సరిగ్గా నడిమికి కోయించాడు. ఇలా వదిలేస్తే ఇద్దరిళ్లూ కురుస్తాయని పైకప్పు మేస్త్రి మొత్తుకున్నాడు. ఇద్దరమూ తలలూపి ఎవరి గుమ్మంలోకి వాళ్లం వెళ్లిపోయాం. అప్పటినుంచి గోడకు ఇటొక బకెట్, అటొక బకెట్. మాటల్లేకపోయినా, వాడు ఇంట్లో ఉన్నదీ లేనిదీ బకెట్ పారబోసే చప్పుడును బట్టి నాకు తెలుస్తుంది.

3. నడిదూలం నానినాని మెత్తబడిందనీ, ఇంకో వానాకాలం ఆగదనీ మొన్న మేస్త్రి తేల్చి చెప్పాడు. అటువైపు దాని కిందే నా మేనకోడలి మంచం ఉంది. అది తలుచుకుంటే నాకు భయంగా ఉంది.

4. కాబట్టి నా వాటా మొత్తం, వాలుతో సహా, తమ్ముడికే రాస్తున్నాను. షరతు ఒకటే. పాత చెక్కల మీదే కొత్తవి పరిచి అయిందనిపించకూడదు. వాసాలు కనబడేదాకా విప్పి, దూలం మార్చి, ఇల్లంతటికీ ఒకే కప్పు, ఒకే మూత వేయించాలి. రంగు వాడిష్టం. ఎర్రదే వేయిస్తాడు, నాకు నచ్చదు.

5. కుట్టుమిషను మేనకోడలికి. విప్పిన చెక్కల్లో గట్టివి ఏరి ఆ మిషనుకొక పెట్టె చేయించాలి. నిచ్చెన తమ్ముడికి. ఎక్కేటప్పుడు కింద ఎవరినైనా పట్టుకోమనాలి; వాడికి చిన్నప్పటినుంచీ తొందరెక్కువ.

6. ఈ కాగితాన్ని నేను పోయేదాకా దాచనక్కర్లేదు. లాయరమ్మ వానలకు ముందే తమ్ముడికి చదివి వినిపించాలి. నేనుండగానే పని మొదలుపెట్టినా నాకు అభ్యంతరం లేదు. మూత అంచు నా వైపు జానెడు కాదు, మూరెడు దిగినా సరే.

7. గోడకవతల సొంత తమ్ముణ్ని పెట్టుకుని, సంతకాలకు వీధిలోవాళ్లను పిలిచిందని వాడు తప్పక అలుగుతాడు. సాక్షిగా సంతకం పెట్టినవాళ్లకు ఆస్తి దక్కకుండా పోతుందని లాయరమ్మ చెప్పింది. అందుకే నిన్ను పిలవలేదురా.

జూన్ మూడో తేదీ, ఆకాశం మబ్బు పట్టి ఉండగా.

(సంతకం)
అక్క

సాక్షులు:
మందుల షాపాయన
ఎదురింటి బస్సు డ్రైవరు